తడిక తలుపు దగ్గర క్రిస్మస్ తాత

అధ్యక్షుల వారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న నా పాత విద్యార్థులకు, వెనక గోడవారన నిలబడిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం. అమ్మా, ఇటు పక్కన నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

డిసెంబరు నెల, క్రిస్మస్ దగ్గరపడింది గనుక నన్ను పిలిచారు. నా నవలల గురించి మాట్లాడమన్నారు. ఒంగోలు రావడమంటే నాకు పుట్టింటికి రావడమే. మాది కనపర్తి ఉప్పు కొటార్ల పక్కన పాలెం. నెల్లూరులో ముప్ఫయ్యేళ్ళు జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. 2010 నుంచి ఒక నవలల వరస రాస్తున్నాను. నాలుగు భాగాలయ్యాయి, ఐదోది సగంలో ఉంది. క్రిస్మస్ తాత, బేత్లెహేము చుక్క, గొర్రెల కాపరులు, తూర్పు జ్ఞానులు, మంచుదేశాల భూతాలు, వీళ్ళందరినీ మన సముద్రం ఒడ్డుకు, ఇప్పటికి వందేళ్ళ తర్వాతి కాలానికి తెచ్చి రాసిన సైన్స్ ఫిక్షన్. పెద్దవాళ్ళ కోసం రాసింది. పుస్తకాల పేర్లు ఈ సభలో చెప్పను. అమ్మడానికి రాలేదు, ఒక మాట చెప్పుకోవడానికి వచ్చాను.

ఆ 'పెద్దవాళ్ళ కోసం' అన్న దగ్గరే నా బాధంతా ఉంది. మొదటి భాగం రాతప్రతి పట్టుకుని తిరిగినప్పుడు ముగ్గురు నాకు మూడు మాటలు చెప్పారు. ఒక సంపాదకుడు నాలుగు పేజీలు తిప్పి, "బాగుందమ్మా, పిల్లల పత్రిక్కి పంపండి" అన్నారు. మా సంఘపెద్ద ఒకాయన "రక్షకుని పుట్టుకను తీసుకుపోయి రాకెట్లలో పెడతావా తల్లీ" అని నొచ్చుకున్నారు. మూడో ఆయన నాకు మంచి స్నేహితుడు, సాహిత్యం బాగా చదివిన మనిషి. "మీ వాళ్ళ పత్రికలుంటాయి గదా, వాటిల్లో వేసుకుంటే బాగుంటుంది" అన్నారు. మొదటి రెండు మాటలూ మర్చిపోయాను. ఈ మూడోది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. సంక్రాంతి మీద కథ రాస్తే అందరి కథ అవుతుంది. క్రిస్మస్ మీద రాస్తే 'మీ వాళ్ళ' కథ ఎందుకవ్వాలి? నెల్లూరులో రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చూడండి, ఎవరి చేతి రొట్టె ఎవరు అందుకుంటున్నారో. ఆ చెరువులో లేని గీత కథల్లో ఎవరు గీశారు?

సరే. పిల్లల కథ అన్న మాటకు జవాబు చెబుతాను.

క్రిస్మస్ తాతకు మూలపురుషుడు నికొలాస్. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్ళో బిషప్పు. ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది. ఆయన గురించి అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునే కథ ఏమిటో తెలుసా? ఒక బీద తండ్రికి ముగ్గురు కూతుళ్ళు. కట్నం ఇవ్వలేడు. కట్నం లేకపోతే పెళ్ళి లేదు, పెళ్ళి లేకపోతే ఆ పిల్లల్ని ఒళ్ళు అమ్ముకునే చోటికి పంపడం తప్ప వేరే దారి లేదనే స్థితికి వచ్చాడు. రాత్రిపూట ఎవరికీ కనపడకుండా నికొలాస్ ఆ ఇంట్లోకి బంగారు నాణేల మూట విసిరాడు. ఒకటి, రెండు, మూడు. ముగ్గురికి మూడు మూటలు. ఇదీ క్రిస్మస్ తాత సంచికి పుట్టుక. ఇది పిల్లల కథా? ఈ హాల్లో ఆడపిల్లల తల్లిదండ్రులున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కట్నం కోసం పొలం తాకట్టు పెట్టినవాళ్ళున్నారు. ఈ కథ మీది కాదని చెప్పండి చూద్దాం.

ఆల్ప్స్ కొండల్లో డిసెంబరు 5 రాత్రి కొమ్ములున్న క్రాంపస్ అనే భూతం గొలుసులు మోగించుకుంటూ తిరుగుతాడు. ఐస్‌లాండ్‌లో గ్రీలా అనే రాక్షసి అల్లరి పిల్లల్ని కుండలో వండుకుతింటుంది. ఆమెకు పదమూడుగురు కొడుకులు, ఒక్కొక్కడు ఒక్కో రాత్రి కొండ దిగి వస్తాడు. ఒకడు గంటె నాకుతాడు, ఒకడు తలుపులు దబాలున వేస్తాడు, ఒకడు కొవ్వొత్తులు ఎత్తుకుపోతాడు. కొవ్వొత్తి దొంగతనం పెద్ద నేరమా అనిపిస్తుంది మనకు. నాలుగు గంటల పగలు మాత్రమే ఉండే డిసెంబర్లో కొవ్వొత్తి అంటే ఏమిటో ఆలోచించండి. అదంతా ఆకలి, చలి, చీకటి పుట్టించిన జానపదం. తర్వాత ఎప్పుడో బజారుకొచ్చి పిల్లల బొమ్మగా మారింది.

బజారు అన్నాను గదా, ఇంకో సంగతి. తాత బండి లాగే ఎర్రముక్కు జింక, రెయిన్‌డీర్, మీ అందరికీ తెలుసు. అది పాత జానపదం కాదు. 1939లో అమెరికాలో ఒక పెద్ద దుకాణం వాళ్ళు క్రిస్మస్‌కు ఉచితంగా పంచడానికి తమ ప్రకటనలు రాసే ఉద్యోగి చేత రాయించుకున్న కథ. ఆ ఏడాది 24 లక్షల ప్రతులు పంచారు. అది రాస్తున్నప్పుడు ఆయన భార్య క్యాన్సర్‌తో మంచంలో ఉంది. జులైలో పోయింది. నాలుగేళ్ళ కూతురు. ఆ పాపకు చదివి వినిపించుకుంటూ పూర్తి చేశాడు. పిల్లలు చదివింది ఎర్రముక్కు కథ. దాని వెనక ఉన్న రాత్రులు పెద్దవాళ్ళవి. నేను రాయాలనుకునేది ఆ వెనకున్న కథ.

నా వరకు నేను ఒక లెక్క పెట్టుకున్నాను. తాత వస్తాడు అనేది జానపదం. ఎట్లా వస్తాడు, సంచి ఎవరు నింపారు, దానికి డబ్బు ఎక్కడిది, ఇది అడగడం సైన్స్ ఫిక్షన్. పిల్లలకు సంచిలో ఏముందో తెలిస్తే చాలు.

ఈ 'ఎట్లా వస్తాడు' నాకు ఐదేళ్ళప్పుడే పట్టుకుంది. ఆదివారం బడిలో ఒక బొమ్మ చూపించారు. మంచు కప్పిన ఇల్లు, పైన పొగగొట్టం, అందులోంచి దిగుతున్న తాత. ఇంటికొచ్చి మా నాయన్ని అడిగాను, "నాయనా, మనకు పొగగొట్టం లేదు గదా, మనింటికి తాత ఎట్టా వస్తాడు?" ఆయన వల బాగు చేసుకుంటున్నాడు, తల ఎత్తకుండానే చెప్పాడు. "మనకు తలుపే లేదు గదమ్మాయ్, తడికే గదా. తోసుకుని వస్తాడులే."

అట్లాగే వచ్చాడు. మా పాలెంలో క్రిస్మస్ ముందు రాత్రి క్యారల్స్ వాళ్ళు పెట్రోమాక్స్ లైటు, వెదురుబద్దలతో కట్టిన రంగుకాగితాల చుక్క పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్ళు. వాళ్ళ ముందు ఎర్రకోటు, దూదిగడ్డం వేసుకుని తాత. తడిక తోసుకుని లోపలికొచ్చి సంచిలోంచి బొరుగు ఉండ తీసి నా చేతిలో పెట్టాడు. నాకు అప్పుడు ఏడేళ్ళు. నేను మొహం చూడలేదు, కాళ్ళు చూశాను. బూట్లు లేవు. మడమలు పగిలి, ఆ పగుళ్ళ అంచులు తెల్లగా ఉన్నాయి. ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళ కాళ్ళు అట్లాగే ఉంటాయి. అట్లాంటి కాళ్ళు పాలెంలో వంద మందికి ఉన్నాయి గాని, ఎడమకాలి చిటికెనవేలు సగమే ఉన్న కాలు ఒక్కటే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. ఉండ తిన్నాను.

ఉప్పుపని సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఉప్పు ఎండలో పండుతుంది. వానకాలం మొదలైతే మడుల్లో నీళ్ళు నిలుస్తాయి, పని ఉండదు. మన కోస్తాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుఫాన్లు. అంటే క్రిస్మస్ వచ్చేది ఇంట్లో రూపాయి లేని నెలల్లో. సంచి నిండా బొరుగు ఉండలు, పాలెంలో పిల్లలందరికీ. అవి ఎక్కడినుంచి వచ్చాయో నాకు చాలా ఏళ్ళ తర్వాత, నేను ఉద్యోగంలో చేరాక, మా అమ్మ చెప్పింది. కొట్టులో అప్పు పెట్టేవాడట. జనవరిలో మడులు ఆరి పని మొదలయ్యాక, మొదటి రెండు వారాల కూలి ఆ అప్పుకే పోయేదట. సంఘం డబ్బు ఇవ్వలేదా అని అడిగాను. "ఇస్తామన్నారు, మీ నాయనే వద్దన్నాడు, తాత అంటే తాత తేవాలి గదా అన్నాడు" అంది. ముప్ఫయ్యొక్క క్రిస్మస్‌లు ఆ కోటు వేసుకున్నాడు మా నాయన.

ఇప్పుడు నేను జెమినీ వ్యోమనౌక గురించి చెప్పాలి, కాగితం మీద అదే ఉంది. 1965 డిసెంబరు 16న అంతరిక్షంలో ఉన్న ఇద్దరు అమెరికా వ్యోమగాములు, షిరా, స్టాఫర్డ్, ధ్రువకక్ష్యలో ఒక వస్తువు కనపడుతోందని, ముందు ఎనిమిది చిన్న వాహనాలున్నాయని, నడిపేవాడు ఎర్రదుస్తుల్లో ఉన్నాడని కిందికి కబురు చేశారు. తర్వాత మౌతార్గాన్, చిన్న గంటలు తీసి క్రిస్మస్ పాట వాయించారు. అంతరిక్షంలో మోగిన మొదటి వాయిద్యాలు అవే. మూడేళ్ళ తర్వాత, 1968లో క్రిస్మస్ రోజున, చంద్రుణ్ణి చుట్టి వెనక్కి మళ్ళిన అపోలో 8 నౌక నుంచి వ్యోమగామి లవెల్ చెప్పిన మాట, శాంతాక్లాజ్ ఉన్నాడహో అని. చంద్రుడి వెనక ఇంజను సరిగ్గా మండిందో లేదో భూమ్మీద ఎవరికీ తెలియని నిమిషాలు గడిచాక వచ్చిన మాట అది. ప్రాణాలతో ఉన్నాం అని చెప్పడానికి ఆయనకు దొరికిన మాట తాత పేరు. వాళ్ళు పిల్లలు కారు గదా.

ఇంకా చాలా చెప్పాలి గాని, రాకెట్ అనేసరికి నేను అసలు సంగతి దాటి పోలేను. అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు, ఇంకో పది నిమిషాలివ్వండి.

2010 క్రిస్మస్. మా నాయనకు అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. నెల్లూరులో నా దగ్గరే ఉన్నాడు. ఆ ఉదయం ఆరాధనలో ఆఖరిసారి ఎర్రకోటు వేసుకుని పిల్లలకు ఉండలు పంచాడు. ఎన్నాళ్ళనుంచో ఒక కోరిక ఉంది, రాకెట్ లేవడం దగ్గర్నుంచి చూడాలని. ఆ సాయంత్రం నాలుగు గంటలకు శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ ఉంది. కారు మాట్లాడుకుని సూళ్ళూరుపేట వెళ్ళాం. అప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట అన్నీ మన నెల్లూరు జిల్లాలోవే, 2022లో తిరుపతి జిల్లాకు పోయాయి. పులికాట్ సరస్సు గట్టున రోడ్డు పక్కన జనం. పిల్లలు, ఐస్ బళ్ళు, నీళ్ళలో ఫ్లెమింగోలు. గాలి చల్లగా ఉందని మా నాయన పొద్దుటి ఎర్రటోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

నాలుగూ నాలుగు నిమిషాలకు లేచింది. చెట్ల మీదుగా నిప్పు పైకి పోయింది. తర్వాత వచ్చింది శబ్దం, రొమ్ము మీద గుద్దినట్టు. మా నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. జనం చప్పట్లు. నిమిషం దాటీ దాటక ముందే ఆ తెల్లటి గీత వంకరపోయింది. ఒక్కటిగా ఉన్న నిప్పు పదిగా చీలిపోయింది. పొగలోంచి తోకలు తోకలుగా సముద్రం మీదికి. కొంతమంది ఇంకా చప్పట్లు కొడుతున్నారు, అదంతా రాకెట్ పద్ధతే అనుకుని. నేను ఫిజిక్స్ టీచర్ని, నాకు తెలిసిపోయింది. నోట మాట రాలేదు.

పక్కన ఒక కుటుంబం. నాలుగైదేళ్ళ పిల్లవాడు ఏడవడం మొదలుపెట్టాడు. "తాత బండి కాలిపోయింది, తాత బండి కాలిపోయింది." పొద్దున ఎవరో చెప్పి ఉంటారు వాడికి, అదే తాత బండి అని. మా నాయన మోకాళ్ళ నొప్పులతోనే వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. "బండి పోయింది గాని, తాత ఎక్కలేదులే అబ్బయ్యా. ఇదిగో, ఈడున్నాడు చూడు" అని టోపీ సరిచేసుకుని, జేబులోంచి మిగిలిపోయిన బొరుగు ఉండ తీసి ఇచ్చాడు. వాడు ఏడుపు ఆపి తిన్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు కారులో మా నాయన నాలుగుసార్లు అడిగాడు, "లోపల మనుషులెవరూ లేరు గదా?" లేరు నాయనా, ఉపగ్రహం ఒక్కటే, 2,310 కిలోలది, టీవీలకూ ఫోన్లకూ పనికొచ్చేది అన్నాను. కాసేపు ఊరుకున్నాడు. నాయుడుపేట దాటాక అన్నాడు, "ఎన్నాళ్ళు చేసుంటారో. ఎంతమంది ఇళ్ళల్లో ఇయ్యాళ పండగ లేకుండా పోయిందో." అని కళ్ళు తుడుచుకున్నాడు. ఉప్పు మడి మీద ఒక్క వాన పడితే నెల కష్టం కరిగిపోవడం చూసిన మనిషి.

తర్వాత కారణం బయటికొచ్చింది. లేచిన 47 సెకన్లకు పైదశ కింద ఉన్న పది కనెక్టర్లు సమయం కానప్పుడు ఊడిపోయాయి. పైనుంచి వచ్చే ఆజ్ఞలు కింది మోటార్లకు అందలేదు. దారి తప్పిన రాకెట్‌ను రక్షణ కోసం అక్కడే పేల్చేశారు. పది ప్లగ్గులు. అంత పెద్ద బండికి.

ఆ రాత్రి నేను మొదటి నవల మొదటి పేజీ రాశాను. అందులో తాత అంటే ఒక మనిషి కాదు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది గనుక తూర్పు నుంచి పడమరకు పోయేవాడికి రాత్రి సాగుతుంది. ఆ సాగే రాత్రితోబాటు ఊరు నుంచి ఊరికి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే పని ఆ తాత. మొదలయ్యేది పసిఫిక్ సముద్రంలో కిరిటిమాటి దీవి దగ్గర. వాళ్ళ భాషలో ఆ పేరు 'క్రిస్మస్' అనే మాటే, 1777 డిసెంబరు 24న ఇంగ్లీషు నావికుడు కుక్ అక్కడికి చేరినందువల్ల ఆ పేరొచ్చింది. అక్కడ అర్ధరాత్రి అయ్యేటప్పటికి మనకు అంతకుముందు మధ్యాహ్నం మూడున్నర. సముద్రం పెరిగితే ముందు మునిగే దీవుల్లో అదొకటి. నా నవలలో ఆ దీవి మునిగిపోయింది. తాత ఎక్కడినుంచి బయల్దేరాలి? అదీ మొదటి భాగం ప్రశ్న. క్రాంపస్ అందులో పద్దులు రాసే యంత్రం. ఎవరికి ఎంత బాకీ ఉందో మర్చిపోని యంత్రం. కొట్టులో అప్పుపద్దు ఎట్లా ఉంటుందో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు గనుక దాన్ని రాయడానికి కష్టపడలేదు.

రెండో భాగం చుక్క గురించి. తొందరగా చెబుతాను. 1853లో అమెరికాలో బాప్టిస్టు మిషన్ వాళ్ళు తెలుగు మిషన్ మూసేద్దామా అని చర్చ పెట్టుకున్నారు. పటం మీద వాళ్ళ మిషన్లన్నీ చుక్కలు. ఈ పక్క ఒక్క నెల్లూరే ఒంటరి చుక్క. ఆ చుక్క మీద ఒకాయన రాత్రికి రాత్రి పద్యం రాసి మర్నాడు వినిపిస్తే మూసివేత ఆగిపోయింది. తర్వాతి జనవరి 1 తెల్లవారుజామున, 1854లో, జ్యూయెట్ అనే మిషనరీ దంపతులు మరో ముగ్గురితో కలిసి ఇదిగో ఈ ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. మీరు రోజూ చూసే కొండే. బేత్లెహేము చుక్క ఏమై ఉంటుందని లెక్కలు వేసిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్, క్రీస్తుపూర్వం 7లో గురుడు, శని దగ్గరైన సంగతి చెప్పాడు. ఆ రెండూ 2020 డిసెంబరు 21న మన కళ్ళముందే ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరయ్యాయి. డాబా ఎక్కి చూశాను. మా నాయన అప్పటికి లేడు. ఆ మూడూ కలిపి రాశాను.

మూడో భాగం నాకు ఎక్కువ ఇష్టం. లూకా సువార్తలో కబురు ముందు అందింది ఎవరికి? రాత్రిపూట మందను కాచుకుంటున్న కాపరులకు. రాజుకు కాదు, యాజకుడికి కాదు. మన కోస్తాలో రాత్రిపూట మేలుకుని ఉండేది ఎవరు? రొయ్యల గుంటల కాపలావాళ్ళు. చాలామంది యానాదులు. గుంటలో గాలి తిప్పే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోయి అవి ఆగితే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోతాయి. అందుకని వాళ్ళు ఆ మోత వింటూ మేలుకుని ఉంటారు. నా నవలలో ఒక రాత్రి వంద గుంటల ఏరేటర్లూ ఒక్కసారే ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో యానాది మనిషి ఒకడు తల ఎత్తుతాడు. అతని తాతముత్తాతలది శ్రీహరికోట దీవి. రాకెట్లు రాకముందు ఆ అడవిలో తేనె, దుంపలు, వేరు మందులు తెలిసినవాళ్ళు వాళ్ళే. 1971లో అక్కడ మొదటి సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరిశోధించే చిన్న రాకెట్, లేచింది. నేను రాకెట్లకు వ్యతిరేకిని కాను, పిల్లలకు పాఠం చెప్పింది వాటి గురించే. కాని ఆ దీవి ఎవరిదో చెప్పకుండా ఆకాశం గురించి నేను రాయలేను.

మా సంఘపెద్దకు ఒక్క మాట. అయ్యా, నేను సువార్తను ముట్టుకోలేదు. జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు, కానుకలు మూడు గనుక మనం ముగ్గురు అనుకున్నాం. బంగారం, సాంబ్రాణి, బోళం. బోళం శవానికి పూసేది. పసిబిడ్డకు ఆ కానుక ఎవరు తెస్తారు? ఆ ప్రశ్న నాలుగో భాగం. మీరు చదవండి. చదివి కోప్పడండి, పడతాను.

ఐదో భాగం ఆగిపోయింది. దాని గురించే ఈ సభకు వచ్చాను. అది 2010 డిసెంబరు 25 గురించి. సంచి నింపినవాళ్ళ గురించి. రాకెట్ పోయిన ఆ రాత్రి ఇంటికి వెళ్ళి భార్యకు, పిల్లలకు ఏం చెప్పారు? ఆ కనెక్టర్లు బిగించిన చేతులు ఆ రాత్రి అన్నం కలిపాయా? నాకు కారణాల నివేదికలో ఉన్నది తెలుసు, ఇది తెలియదు. ఊహించి రాయడానికి మనసొప్పలేదు, మా నాయన కారులో అడిగిన మాట అడ్డొస్తోంది. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాల నుంచి షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, పనిచేసినవాళ్ళు ఇటు ఒంగోలులో స్థిరపడి ఉన్నారని విన్నాను. క్యాంటీన్‌లో చేసినా సరే, బస్సు నడిపినా సరే, వెల్డింగ్ చేసినా సరే. మీరు గాని, మీ అన్నదమ్ములు గాని ఆ రోజు అక్కడ ఉంటే, సభ అయ్యాక నా దగ్గరికి రండి. పేరు రాయను.

ఆ ఎర్రకోటు తెచ్చాను, సంచిలో ఉంది. చేతుల దగ్గర చిరిగింది. అదిగో, ఆ మూల నిలబడిన పెద్దాయన చెయ్యి ఎత్తారు. అధ్యక్షులు గారూ, మైకు ఆయనకివ్వండి.